ఫ్యాన్ రెక్కల మీది పొడి

"తియ్‌రా బండి!" అని సీఐ తిమోతి డ్రైవర్ మీద అరిచేసరికి, జీపు ముందు ఒక స్కూటీ అడ్డంగా వచ్చి ఆగింది. నాగజ్యోతి స్టాండు వేసి, తాళం తీసి హ్యాండ్‌బ్యాగులో పడేసుకుని, ఎవరినీ అడగకుండా జీపు వెనక సీటు వైపు నడిచింది.

ఆ సీట్లో ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ల మధ్య కాలేజీ యూనిఫాంలో ఒక అమ్మాయి ఇరుక్కుని కూచుంది. కళ్లు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. పేరు దెబోరా. ఇంటర్ రెండో సంవత్సరం. రేపు పొద్దున పబ్లిక్ పరీక్షలు మొదలు.

"దిగు పాపా."

"దిగితే కాళ్లిరుగుతాయ్" అన్నాడు తిమోతి వెనకనుంచి. "ఏందమ్మా ఇది? పోలీసు బండికి అడ్డం పెడతాండావు! నంద్యాలలో కేసులు దొరకలేదని ఆళ్లగడ్డ దాకా ఎగబడి వచ్చినావా?"

"ఎగబడి రాలా. ప్రిన్సిపాల్ చక్రపాణి గారి భార్య వకుళమాల పిలిస్తే వచ్చినా. ఈ పిల్లను యాడికి తీసకపోతాండారు?"

"కర్నూలుకు. జువెనైల్ బోర్డు ముందర పెట్టాల. ప్రిన్సిపాల్ కంట్లో సున్నం కొట్టినోళ్లను సంకనెక్కించుకోమంటావా?"

"మైనర్ పిల్లను పట్టుకపోయేటప్పుడు యూనిఫాం వేసుకోగూడదని చట్టం గదా, మీ ఒంటిమీద ఇదేంది సార్? కర్నూలుకు తీసకపోతాండామని వాళ్ల నాయనకు చెప్పినారా? కళ్లు అట్ల వాచినాయే, ఒక్క డాక్టర్‌కన్నా చూపించినారా? బోర్డులో ఈ మూడూ నేనే అడుగుతా. అప్పుడు ఎవరి కాళ్లిరుగుతాయో చూద్దాం."

తిమోతి దవడలు బిగుసుకున్నాయి. గడివేములలో తాను ఆత్మహత్య అని మూసేసిన కేసును ఈ ప్రైవేటు డిటెక్టివ్ హత్య అని తేల్చి రెండేళ్లయింది. ఆ ఊరి పేరు ఎవరన్నా ఎత్తితే ఇప్పటికీ అతనికి అన్నం సయించదు.

"గంట" అన్నాడు పళ్ల మధ్యనుంచి. "గంట దాటితే నీ స్కూటీ మీదనుంచే పోతాది నా బండి."

నాగజ్యోతి అప్పటికే దెబోరా చెయ్యి పట్టుకుని స్టాఫ్ రూమ్ వైపు నడుస్తోంది. కేసు గురించి ఆమెకు తెలిసింది ఇంతే. నిన్న పొద్దున సీనియర్ ఎంపీసీ వాళ్లకు చివరి క్లాసు. ప్రిన్సిపాల్ చక్రపాణే వాళ్లకు లెక్కలు చెబుతాడు. ఆయన లోపలికి వచ్చి ఫ్యాన్ స్విచ్ వేయగానే రెక్కల మీదనుంచి తెల్లటి పొడి జల్లున రాలింది. ఆయన రెండు కళ్లూ పట్టుకుని కూలబడ్డాడు. అంబులెన్సులో నంద్యాల కంటి ఆసుపత్రికి చేర్చాక, అక్కడి డాక్టరు పరీక్ష చేసి చెబితేగాని అది సుద్దపొడి కాదు, సున్నం అని ఎవరికీ తెలియలేదు. సాయంత్రానికి దెబోరా బెంచీ కింద సున్నం అంటిన పాలిథిన్ కవరు దొరికింది. దెబోరా తండ్రి ఇళ్లకు సున్నాలు వేస్తాడు. తిమోతికి అంతకు మించి ఏమీ అక్కర్లేకపోయింది.

స్టాఫ్ రూమ్ తలుపు మూసి నాగజ్యోతి సూటిగా అడిగింది.

"పొడి పోసింది నువ్వేనా?"

"నేనే అక్కా."

"ఏం పొడి?"

"సుద్దపొడి. సంక్రాంతి సెలవుల ముందునుంచీ డస్టర్లు దులిపి డబ్బాలో దాచిపెట్టినాం. మొన్న సాయంత్రం క్లాసులైపోయినాక బెంచీ ఎక్కి రెక్కల మీద పోసినా. సార్‌కు తెలుసు."

"సార్‌కు తెలుసా? తెలిసే ఫ్యాన్ వేసినాడా?"

"ఏటా చేస్తారక్కా! చివరి క్లాసులో ఒక్కో సార్‌కూ ఒకటి. కెమిస్ట్రీ మేడమ్ అటెండెన్స్ పిలిస్తే అందరం ఒకే పేరుకు పలికినాం. ఫిజిక్స్ సార్ వచ్చేసరికి బెంచీలన్నీ తిప్పేసి వెనక గోడకు మొగం పెట్టి కూచున్నాం. ఆయన గూడా నవ్వుకుంటా వెనక్కి పోయి గోడ మీద పాఠం చెప్పినాడు. చక్రపాణి సార్‌కు మటుకు ఎప్పుడూ ఫ్యాన్ పొడే. మా సీనియర్లు, వాళ్ల సీనియర్లు, అందరూ అదే. స్విచ్ ఆయనే వేస్తాడు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకోని, పైకి చూసి, 'ఈ బ్యాచ్ ఎంత పోసినార్రా?' అంటాడు."

ఆమె పిడికిళ్లు బిగించి నేలను చూస్తూ అంది.

"నవ్వుకుంటా పైకి చూసినాడక్కా. కళ్లు తెరుచుకోని."

నాగజ్యోతి గడియారం వైపు చూడలేదు గాని, గంట గడువు గుర్తుంది. "అప్పుడు నువ్వు యాడున్నావు? వెనక బెంచీలోనా?"

"వెనకనా? సార్ పక్కనే. ఫ్యాన్ కింద."

"పోసినదానివి నువ్వే కిందికి పోయి నిలబడినావా?"

"నిలబడాలక్కా, అది రూలు. పోసినోళ్లు సార్ పక్కనే ఉండాల. ఆయన మీద పడేది మన మీదా పడాల. ఆ రూలు సార్ పెట్టిందే. దాక్కోని చేసేది అల్లరి కాదు, పిరికితనం అంటాడు."

"ఈ మాట సీఐకి చెప్పినావా?"

"చెప్పినా. నవ్వినాడు."

నాగజ్యోతికి ఒళ్లు మండింది. అమ్మాయి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. కనురెప్పలు వాచాయి, తెల్లగుడ్డు ఎర్రబడింది, అయినా చూపు బాగానే ఉంది. "నీకూ పడింది గదా. నీకెట్ల తగ్గింది?"

"బాత్రూంకు ఉరికి ట్యాప్ కింద తల పెట్టినా. చానాసేపు. సార్‌కు గూడా పోద్దామనే చూసినా. కిందపడంగానే నా వాటర్ బాటిల్ మూత తీసినా. ఎవరో నా చెయ్యి మీద ఒక్క దెబ్బ కొట్టినారు. బాటిల్ ఎగిరిపోయింది. ఎవరో తెలీదు, నాకు కళ్లు తెరిచేకి కాలా."

చెయ్యి చాపి చూపించింది. మణికట్టు మీద నల్లగా కమిలి ఉంది.

"నన్నంటే సరే అక్కా. మా నాయనను పిలిచి, అందరి ముందర, సున్నపు బకెట్ బుద్ధులు కూతురికి నేర్పినావా అని తిట్టినారు. ఆయప్ప ఒక్కమాట మాట్లాడలా. తలొంచుకోని నిలబడినాడు." దెబోరా కళ్లు తుడుచుకోలేదు. "రేపు పరీక్ష రాయనిస్తారా నన్ను?"

"నువ్వు రాస్తావు" అంది నాగజ్యోతి. "ఈడనే కూచో. ఎవరొచ్చి పిలిచినా కదలొద్దు."

క్లాసు రూము తాళం వైస్ ప్రిన్సిపాల్ ముకుంద్ తీశాడు. అహోబిలం మనిషి, చక్రపాణికి చిన్నాన్న కొడుకు. తిమోతి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నాగజ్యోతి ముందు బెంచీని ఫ్యాన్ కిందికి లాగి దాని మీదికెక్కింది.

"నేల మీద పొడంతా ఊడ్చి సీసాలో పెట్టి ల్యాబుకు పంపించినాం" అన్నాడు తిమోతి. "పైన ఏముంటాదని ఎక్కుతాండావు?"

"పైన చూసినారా?"

"పైనున్నదే గదా కిందపడేది!"

"అంతా పడదు సార్. రెక్క తిరిగేటప్పుడు కొసన ఉండేది ఎగిరిపోతాది. మోటారు దగ్గర ఉండేది జిడ్డుకు అట్లనే కరుచుకుంటాది. మీ ఇంట్లో ఫ్యాన్ ఎప్పుడన్నా తుడిచినారా?"

వరండాలో ఉన్న కానిస్టేబుల్ నవ్వాపుకోవడానికి దగ్గాడు. తిమోతి అటు ఒక్క చూపు చూసేసరికి దగ్గు ఆగిపోయింది.

నాగజ్యోతి జడపిన్ను తీసి రెక్క మొదట్లో మెల్లగా గీకింది. పైన తెల్లటి పొడి పొర లేచింది. దాని కింద ఇంకో పొర ఉంది. అది తెలుపు కాదు. గులాబీ, నీలం, పసుపు కలిసిన బూడిదరంగు. రెండింటినీ రెండు కాగితాల్లోకి విడివిడిగా రాల్చుకుని కిందికి దిగింది.

"బోర్డు చూడండి." బోర్డు మీద నిన్నటి ముందురోజు వేసిన వృత్తాలు, రేఖలు అలాగే ఉన్నాయి. ఒకటి నీలం, ఒకటి గులాబీ, ఒకటి పసుపు. "చక్రపాణి గారు రంగుల సుద్దలు లేకుండా లెక్క చెప్పడు. ఈ క్లాసు డస్టర్ దులిపితే వచ్చేది ఈ రంగు పొడి. ఇది పిల్లలు పోసింది. అడుగున ఉండాది. దీని మీద పోసింది ఇంకొకటి."

రెండు కాగితాల మీదా బాటిల్‌లోంచి రెండు చుక్కల నీళ్లు వేసింది. రంగుపొడి తడిసి ఊరుకుంది. తెల్లపొడి చిన్నగా బుస కొట్టింది. ఆ కాగితం అడుగున తిమోతి వేలు పట్టుకుని ఆనించింది. అతను చటుక్కున వేలు వెనక్కి తీసుకున్నాడు.

"ఇది గోడలకేసే తడి సున్నం కాదు. బట్టీలో కాల్చి, ఇంకా నీళ్లు చూపించని సున్నం. ఆ పిల్ల నాయన బకెట్లో ఉండేది ఇది కాదు."

"అయితే ఏంది? రెండుమాట్లు పోసింది ఆ పిల్లే అయితే?"

"ఫ్యాన్ కిందికి తానే పోయి నిలబడాలని తెలిసీనా? కాల్చిన సున్నం తన నెత్తిన తానే పోసుకుంటాదా? నవ్వినారంట గదా మీరు ఆ రూలు వింటే. ఇప్పుడు నవ్వండి! సున్నం పోసినోనికి ఆ రూలు తెలీదు. అల్లరి చేసేటోళ్లు వెనక బెంచీల్లో దాక్కుంటారు, మేస్టారు ఒక్కడి మీదే పడతాది అనుకున్నాడు. అందుకే ముందే కవరు తెచ్చి ఆ పిల్ల బెంచీ కింద పడేసినాడు, ఆమె కళ్లల్లో గూడా పడతాదని తెలీక."

తిమోతి కోపం ఎటు తిప్పాలో తెలియక ముకుంద్ మీదికి తిరిగాడు. "మొన్న సాయంత్రం తర్వాత ఈ రూముకు తాళం వేసింది ఎవరప్పా?"

"నేనే సార్."

"తాళంచెవి?"

"ఒకటి నా దగ్గర. ఇంకొకటి ఆఫీసులో ఉంటాది."

"రేపటి పరీక్షలకు ఈ సెంటర్‌లో చీఫ్ సూపరింటెండెంట్ ఎవరు?" అని అడిగింది నాగజ్యోతి.

ముకుంద్ నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. "చక్రపాణి అన్న. ఇప్పుడు ఆయన లేడు గాబట్టి... నేను."

"ఓహో!" తిమోతి ఒక్క అడుగులో వచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు. "అన్న కుర్చీ కోసం అన్న కంట్లో సున్నం పోసినావా? నిన్నటి నుంచీ నా ముందరే కాఫీలు మోసుకుంటా తిరుగుతాండావు గదరా!"

"నాకొద్దు సామీ ఆ కుర్చీ!" ముకుంద్ గొంతు చీలిపోయింది. "అన్న తలుపు దగ్గర నిలబడితే ఒక్క చీటీ లోపలికి పోదు. పోయినేడు కిటికీలకు అన్నే మేకులు కొట్టించినాడు. నేనైతే నోరు తెరవలేనని, కాదనలేనని, అందుకే నన్ను పెడతాండారు. పిరికినాకొడుకుని నేను. అది ఒప్పుకుంటా. అన్న మీద చెయ్యి వేసేంత పాపిష్టోన్ని కాదు!"

"ఎవరిని కాదనలేవు నువ్వు?" అంది నాగజ్యోతి.

ముకుంద్ చూపు గుమ్మం వైపు పోయి అక్కడే ఆగిపోయింది.

గుమ్మంలో కాలేజీ కరస్పాండెంట్ సోమశేఖర్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

"ఏందప్పా సీఐ గారూ, ఇంగా పంపలేదా ఆ పిల్లను?" అన్నాడు విసుగ్గా. "తెల్లారితే పరీక్షలు. గేటు ముందర పోలీసు బండి, పేరెంట్స్ ఫోన్లు. నా కాలేజీ ఏమైపోవాల? ఈమె ఎవరు? ఫ్యాన్ తుడిచేకి వచ్చిందా?"

"నాగజ్యోతి. డిటెక్టివ్‌ని."

"డిటెక్టివా! కనిపెట్టేకి ఏముందమ్మా ఈడ? మేస్టార్ల నెత్తిన పొడి చల్లడం, వీపుకు కాగితాలంటించడం, ఇదేనా చదువు? ఏండ్లనుంచీ చెప్తాండా చక్రపాణికి, ఈ చేష్టలు మాన్పించమని. వింటే గదా. పిల్లోళ్లు అన్నాడు, పోనీలే అన్నాడు. అనుభవించినాడు." సోమశేఖర్ ముఖం ఎర్రబడింది. "నిన్న నేను వరండాలో ఉన్నా గాబట్టి సరిపోయింది. లేకుంటే ఆయప్ప గుడ్లు రెండూ ఉడికిపోయేవి. ఈ పిల్ల నీళ్లు పోసేకి పోయింది! నేనే బాటిల్ ఎగరగొట్టినా. హాస్టల్ వంటింట్లోనుంచి నెయ్యి తెప్పించి, నా చేత్తో నేను, కళ్ల నిండా పెట్టినా."

"నెయ్యా?"

"మీ టౌనోళ్లకు తెలీదులేమ్మా. కొలిమిగుండ్లలో మా నాయన సున్నపు బట్టీ నడిపినాడు. అందులోనే పెరిగినా. కూలోళ్ల కంట్లో పడితే నీళ్ల చుక్క తగలనియ్యం. తగిలితే ఉడుకుతాది. నెయ్యన్నా పెట్టాల, ఆముదమన్నా పెట్టాల."

"మంచి పని చేసినారు సార్" అన్నాడు తిమోతి.

నాగజ్యోతి ఫోన్ మోగింది. వకుళమాల. నాగజ్యోతి అందరికీ వినపడేటట్టు స్పీకర్ పెట్టింది.

"జ్యోతీ." అవతల గొంతులో ఏడుపు లేదు. ఎండిపోయిన కోపం ఉంది. "ఎడమ కన్ను రాదంట. కుడి కన్ను చూడాలన్నారు. ఆ నెయ్యి పెట్టినవాడు ఎవడో కనుక్కో. పడిన వెంటనే ధారగా నీళ్లు కొట్టి ఉంటే రెండు కళ్లూ నిలిచేవని డాక్టరు నా మొహం మీదే చెప్పినాడు. నెయ్యి కింద సున్నం కూరుకుపోయి దారంతా తింటానే వచ్చిందంట. ఈయన సంగతి చెప్పనా? కట్లు కట్టుకుని పడుకుని, పిల్లను వదిలిపెట్టినారా, పరీక్షకు పోతుందా అని ఇప్పటికి పదిసార్లు అడిగినాడు. ఏం చెప్పమంటావు ఆయనకు?"

"పోతాదని చెప్పక్కా. నేను మళ్లా చేస్తా."

ఫోన్ పెట్టేసి నాగజ్యోతి ఆ రెండు కాగితాలూ జాగ్రత్తగా బెంచీ మీద పెట్టింది. తర్వాత ముకుంద్ వైపు తిరిగింది.

"ముకుంద్ సార్, నిన్న మీ అన్న కిందపడినప్పుడు వచ్చినారు గదా. ఏం పడిందనుకున్నారు?"

"సుద్దపొడి. ఏటా అదే గదా. ఏందీ, ఈసారి ఇంత అరుస్తాండాడని కంగారుపడినా."

"దెబోరా ఏమనుకుంది?"

"ఆ పిల్ల పోసిందే సుద్దపొడి. ఇంకేమనుకుంటాది?"

"సీఐ గారూ, సుద్దపొడి కంట్లో పడితే మీరేం చేస్తారు?"

"నీళ్లు కొడతా. ఎవరైనా అంతే..." తిమోతి మాట మధ్యలో ఆగింది. అతని కనుబొమ్మలు మెల్లగా దగ్గరికొచ్చాయి.

"ఎవరైనా అంతే" అంది నాగజ్యోతి. "ఆ నిమిషంలో ఈ రూములో ఉన్న ప్రతి మనిషికీ అది సుద్దపొడి. నంద్యాల డాక్టరు చెప్పేదాకా అది సుద్దపొడే. అందరూ నీళ్లకు ఉరికినారు. ఒక్క మనిషి నీళ్లు ఎగరగొట్టి నెయ్యికి ఉరికినాడు."

సోమశేఖర్ చేతిలో ఒక ఫోన్ మోగింది. అతను చూడకుండానే నొక్కేశాడు.

"బట్టీ ఇంట్లో పుట్టినోన్నమ్మా! సున్నాన్ని చూస్తే గుర్తుపట్టనా? చూడంగానే తెలిసింది నాకు!"

"తెలిస్తే ఎవరికి చెప్పినారు?"

"అంటే?"

"నోరు తెరిచి 'ఇది సున్నం రా' అని ఎవరితో అన్నారు? అంబులెన్సు వాళ్లతో అన్నారా? ఆసుపత్రికి ఫోన్ చేసి అన్నారా? డాక్టరు ఆ నెయ్యంతా తుడిచి, పరీక్ష చేసి, తానుగా కనుక్కున్నాడు. అంతసేపూ ఆ కన్ను కాలతానే ఉండాది. తెలిసినోళ్లు ఒక్కమాట చెప్పుంటే చాలు గదా!"

"ఆ తొందరలో..."

"నాకు ఫోన్ చేసింది నువ్వే." ఈసారి మాట్లాడింది తిమోతి. చాలా నెమ్మదిగా, ఒక్కో మాటా తనకు తానే వినిపించుకుంటున్నట్టు మాట్లాడాడు. "అంబులెన్సు గేటు దాటకముందే చేసినావు. 'పిల్లలు ప్రిన్సిపాల్ మీద సుద్దపొడి చల్లినారు, తొందరగా రండి' అన్నావు. సుద్దపొడి అనే అన్నావు సోమశేఖరప్పా. నా చెవులతో నేనిన్నా."

ముకుంద్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆఫీసులో సోమశేఖర్ చేతికి అందే రెండో తాళంచెవి గురించి ఇక ఎవరూ అడగాల్సిన పనిలేకపోయింది.

సోమశేఖర్ ముగ్గురి ముఖాలూ చూశాడు. అతని మెడమీద నరాలు ఉబ్బాయి. ఉన్నట్టుండి చేతిలో ఫోన్‌ను బెంచీ మీదికి విసిరికొట్టాడు.

"వారం పది దినాలు పండుకుంటాడనుకున్నా! అంతే! కొంచెం చురుక్కుమని, కళ్లు వాచి, పరీక్షలైపోయేదాకా ఇంట్లో ఉంటే చాలనుకున్నా. వందకు వంద శాతం అని ఊరూరా ఫ్లెక్సీలు కట్టించినా నేను! ఈయప్ప హరిశ్చంద్రుడి మాదిరి తలుపు దగ్గర నిలబడితే సగం మంది తప్పుతారు. ఎవరికి పోతాది పరువు? నాకా, ఆయనకా? కన్ను పోవాలని నేను కోరుకోలేదు! కోరుకునుంటే నెయ్యి ఎందుకు పెడతా? చెప్పండి, ఎందుకు పెడతా!"

"మాకు చీటీలు కావాలని ఎవరడిగినారు నిన్ను?"

అందరూ తిరిగి చూశారు. కదలొద్దని చెప్పినా దెబోరా వచ్చి వరండాలో నిలబడి ఉంది. ఆమె వెనక ఇంకో ఏడెనిమిది మంది ఆడపిల్లలు, మగపిల్లలు.

"చదివినాం మేము" అంది దెబోరా. వాచిన కళ్లు అతని మీదే నిలిపి, ఆగకుండా అంది. "సార్ చెప్పినాడు, మేము చదివినాం. అంతా వచ్చు మాకు. మా నాయనది సున్నపు బకెట్ బుద్ధి అంటివే నిన్న, అందరి ముందర. ఇప్పుడు అను. అను చూద్దాం!"

సోమశేఖర్ పక్కనుంచి జారుకోబోయాడు గాని, వరండాలో ఉన్న కానిస్టేబుల్ అడ్డంగా చెయ్యి చాపాడు. ఆ చెయ్యి దించమని తిమోతి చెప్పలేదు.

తిమోతి జేబులో ఫోన్ చాలాసేపటినుంచి మోగుతోంది. తీసి చూశాడు. డీఎస్పీ. ఒక్క క్షణం నాగజ్యోతి వైపు చూశాడు. ఆ చూపులో స్నేహం లేదు, ఇంకో పదేళ్లకు సరిపడా కోపం ఉంది. అయినా ఫోన్ ఎత్తి, అక్కడున్న పిల్లలందరికీ వినబడేటట్టు గట్టిగా మాట్లాడాడు.

"సార్. లేదు సార్, పిల్లను తీసకరావడంలేదు. ఆ పిల్ల రేపు పరీక్ష రాస్తాది. ఆ, దొరికినాడు. నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు. పేరు రాసుకోండి సార్. సోమశేఖర్. ఈ కాలేజీ కరస్పాండెంట్, సోమశేఖర్."